చీపురుకు ఇరవై మార్కులు

మా బడిలో సామాజిక న్యాయం మొదటి పీరియడులో ఉంటుంది. ప్రార్థన అవగానే మొదలై, గంట కొట్టగానే అయిపోతుంది. ఆ తరవాత లెక్కలు.

దాన్ని చెప్పేవాణ్ణి నేనే. రేవులపాడు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. పదో తరగతి వాచకంలో మూడో పాఠం సామాజిక న్యాయం కిందికి వస్తుందని పైవాళ్లు తేల్చారు. అదొక కథ. ఒక ఊళ్లో ఒక పిల్లని బడిలోకి రానివ్వరు. వరండా ఊడిస్తే కిటికీ దగ్గర నిలబడి పాఠం వినొచ్చంటారు. ఆ పిల్ల రోజూ ఊడుస్తుంది, రోజూ కిటికీ దగ్గర నిలబడుతుంది. చివరికి ఒకరోజు ఏం చేసిందన్నది కథ. నేను గొంతు కాస్త తగ్గించి, కాస్త పెంచి, బాగానే చెబుతాను. ముందు బెంచీల్లో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్న సంవత్సరాలు కూడా ఉన్నాయి.

చెబుతున్నంతసేపూ మా కిటికీ అవతల చీపురు చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. పాఠం రక్తి కట్టడానికి ఏర్పాటు చేసింది కాదది. మా బడిలో ఊడ్చే ఆవిడ రిటైరై చాలాకాలమైంది. ఆ పోస్టు ఆవిడతోనే రిటైరైంది. అప్పట్నించీ ఊరి చివరి దళితపేట ఆడపిల్లలు తాత్కాలికంగా ఊడుస్తున్నారు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు ఆరో తరగతిలో చేరేనాటికే ఆ తాత్కాలికం పాతబడిపోయింది. మా హెడ్మాస్టరు పిచ్చేశ్వరరావు గారు పేర్లు పెట్టడంలో దిట్ట. వాళ్లకు 'స్వచ్ఛ సేవా బృందం' అని పేరు పెట్టి, తలా ఒక ఆకుపచ్చ బ్యాడ్జీ ఇచ్చారు.

"పేట పిల్లలే ఎందుకు సార్?" అని నేనొకసారి అడిగాను.

"వాళ్లకు అలవాటు మాస్టారూ. మిగతా పిల్లలకు దుమ్ము పడదు."

"పోనీ సాయంత్రం ఊడవమనండి. మొదటి పీరియడు పోతోంది వాళ్లకి."

"తెలుగేగా!" అని ఆయన నన్నే ఓదార్చారు. "తెలుగు వాళ్లకు పుట్టుకతోనే వచ్చు."

ఆ బృందానికి నాయకురాలు కెజియా. పదో తరగతి. పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ. వరండా అంతా చకచకా ఊడ్చుకొచ్చి, మా కిటికీ దగ్గరికి వచ్చేసరికి చీపురు నెమ్మదిస్తుంది. ఆ కాస్త చోట్లోనే అంత దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు గనక నేనూ అప్పుడు కిటికీ వైపుకి తిరిగి చదివేవాణ్ణి. కానీ హెడ్మాస్టరు గారి గది వరండా చివర్న ఉంది. పాఠం సగంలో ఉండగానే తన గది ఊడవమని ఆయన కేకేసేవారు. కెజియా వెళ్లిపోయేది.

ఇలా ఉండగా ఉత్తర్వు వచ్చింది.

సామాజిక న్యాయాన్ని ఇంతకాలం నోటితో చెబుతూ వచ్చినందుకు అందులో మమ్మల్ని మందలించారు. 'సామాజిక న్యాయ సాహిత్యమును విద్యార్థి కేవలము చదువుట కాక, అనుభవించవలెను. పాఠ్యాంశమునందలి ప్రధాన పాత్ర ఏ శ్రమ చేసినదో ఆ శ్రమను విద్యార్థి స్వయముగా చేసి, తాదాత్మ్యము చెందవలెను. ఇందులకై అనుభవ వారోత్సవము జరుపవలెను. వార్షిక పరీక్షలో ఇరువది మార్కులు అనుభవమునకు కేటాయించడమైనది.'

స్టాఫ్ రూములో దీన్ని చదివి అందరం కాసేపు తాదాత్మ్యం చెంది కూర్చున్నాం. మా పాఠంలో ప్రధాన పాత్ర వరండా ఊడుస్తుంది. అంటే వరండా ఊడిస్తే ఇరవై మార్కులు.

పిచ్చేశ్వరరావు గారి ముఖం విప్పారింది. "మన బడి రాష్ట్రం కంటే ముందుంది మాస్టారూ! వాళ్లు ఇప్పుడు ఆలోచించింది మనం ఎప్పటినించో చేస్తున్నాం." ఆ సాయంత్రమే ఆయన స్వచ్ఛ సేవా బృందం మొత్తానికి ఇరవైకి ఇరవై వేసి, పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టించారు.

మర్నాడు ప్రార్థన అవకముందే ఊళ్లో పెద్దలు గేటు దగ్గర దిగారు. ముందు నడుస్తున్నది బడి కమిటీ చైర్మన్ వీరరాఘవయ్య గారు. ఆయన కొడుకు కౌశిక్ పదో తరగతే. వీరరాఘవయ్య గారు బడికి గేటు కట్టించిన మనిషి. ఆ గేటు మీద సరస్వతీదేవి పేరు కంటే ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది.

"ఏందండీ ఇది?" అన్నారాయన బోర్డు వైపు వేలు చూపించి. "మా పిల్లల చేతికి చీపురెందుకియ్యలేదు? ఏం పాపం చేశారు వాళ్లు?"

పిచ్చేశ్వరరావు గారు నోరెళ్లబెట్టారు. "చీపురా? మీ అబ్బాయికా?"

"మావాడికి కాకపోతే ఎవరికి? ఎంతసేపూ ఆ పేటోళ్లకేనా? తరతరాలుగా వాళ్లే ఊడుస్తా కూర్చుంటే మావాళ్ల గతేంది?"

వెనకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చీపురు ఒక వర్గం చేతిలో బందీ అయిపోయిందని ఎవరో అన్నారు. చీపురు దగ్గర కూడా పక్షపాతమేనా అని ఇంకెవరో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ ఊళ్లో అంత ఘాటుగా సమానత్వం గురించి మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. మూడో పాఠం అన్నేళ్లు చెప్పినా నేను తేలేని మార్పు ఇరవై మార్కులు ఒక్క రాత్రిలో తెచ్చాయి.

హెడ్మాస్టరు గారు బోర్డు మీది కాగితం అప్పటికప్పుడు చించేసి, స్పష్టత కోరుతూ పైకి రాశారు. స్పష్టత రెండ్రోజుల్లో కారెక్కి వచ్చింది. దాని పేరు భుజంగరావు గారు. ఉప విద్యాధికారి. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. కాఫీ కావాలన్నా అదే భాషలో అడుగుతారు.

"అనుభవమనగా నేమి?" అని ఆయన స్టాఫ్ రూములో మమ్మల్నందరినీ కలయజూశారు. "అంతకుముందు లేనిదానిని పొందుట. ఊడ్చు అనుభవము ఇదివరకే కలిగియున్న బాలికలకు వారోత్సవము కొత్తగా ఒసగునదేమి? ఏమియూ లేదు. కావున వారు అనుభవమునకు అనర్హులు."

"అంటే సార్," అన్నాను నేను, "ఇన్నాళ్లూ ఊడ్చిన పిల్లలకి ఊడవడంలో మార్కులు రావు. ఇన్నాళ్లూ ఊడవని వాళ్లకి వస్తాయి."

"సామాజిక న్యాయమును మీరు త్వరగా గ్రహించితిరి," అని ఆయన మెచ్చుకున్నారు.

ఆయన అక్కడే కూర్చుని ఉత్తర్వు చెప్పి రాయించారు. స్వచ్ఛ సేవా బృందంలోని బాలికలకు చీపురు నుంచి శాశ్వత మినహాయింపు. వారు చీపురు పట్టరాదు. పట్టినచో అనుభవము లేని విద్యార్థుల అవకాశమునకు భంగము కలిగించినట్లు భావించబడును. వారికి అనుభవ మార్కులు ఉండవు గనక, రాతపరీక్షనే నూటికి లెక్కగట్టవలెను.

దీన్ని మర్నాడు ప్రార్థనలో పిచ్చేశ్వరరావు గారు మైకులో చదివి వినిపించారు. 'శాశ్వత' అన్న మాట దగ్గర కాస్త ఒత్తి కూడా పలికారు. వీరరాఘవయ్య గారు ఊరట చెంది నా చెవిలో అన్నారు: "మొదటి పీరియడు ఎన్నడూ విననోళ్లు రాసేదేముందిలే మాస్టారూ."

ఆ మాట నిజం. కెజియా పదో తరగతి తెలుగు ఇప్పుడు మొత్తం నా మొదటి పీరియడు మీదే నిలబడింది. అది ఆమె ఎన్నడూ కూర్చుని వినని పీరియడు.

వారోత్సవం మొదలైంది. మొదటి పీరియడు గంట కొట్టగానే తరగతంతా వరండాలోకి పరిగెత్తింది. పేట ఆడపిల్లలు మాత్రం గుమ్మం దగ్గర ఆగారు. ఖాళీ బెంచీలు చూసి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కెజియా వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. మిగతావాళ్లు ఆమె వెనక సర్దుకున్నారు.

"ఏ పాఠం చెప్పమంటారు?" అన్నాను.

"అదే సార్. కిటికీ దగ్గర పిల్ల కథ," అంది కెజియా. "సగమే తెలుసు మాకు. ఆ పిల్ల చివరికి లోపలికొస్తుందా?"

ఎన్నో ఏళ్లుగా నేను ఆ పాఠం చెబుతున్నాను. దాని చివర ఏమవుతుందో తెలుసుకోవాలని నన్ను అడిగిన మొదటి మనిషి ఈ అమ్మాయి. "మొదట్నించీ చదువుదాం," అన్నాను.

బయట అనుభవం జోరుగా సాగుతోంది. మొదటి సమస్య దుమ్ముతో వచ్చింది. ముందు వచ్చినవాళ్లు ఊడ్చేయగా వెనకవాళ్లకు దుమ్ము మిగల్లేదు. దుమ్ము లేనిచోట మార్కులెలా వేస్తారని తల్లిదండ్రులు నిలదీశారు. దాంతో హెడ్మాస్టరు గారు చెత్త సరఫరా ఏర్పాటు చేశారు. వీరరాఘవయ్య గారి మామిడితోటలోంచి ట్రాక్టరు మీద ఎండుటాకులు వచ్చాయి. ఒక్కొక్కరికీ సుద్దముక్కతో హద్దు గీసి, అందులో సమానంగా ఆకులు పోశారు. పక్కవాడి ఆకులు గాలికి తన హద్దులోకి వచ్చాయి గనక వాటిని కూడా తన ఖాతాలో వేయాలని ఒక పిల్లవాడు వాదించాడు. టవున్లో ఒక ట్యూషన్ సెంటరు వాళ్లు చీపురు కోర్సు పెట్టారు. మూడు రకాల పట్టులు నేర్పుతామని గోడల మీద రాయించారు.

మూడో రోజు వీరరాఘవయ్య గారు ఒక ఆవిడను వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్లింట్లో పనిచేసే మార్తమ్మ. కెజియా తల్లి. "మావాడికి దుమ్ముకి తుమ్ములొస్తన్నయ్యి. వాడి బదులు ఈవిడ ఊడుస్తది," అన్నారాయన.

పిచ్చేశ్వరరావు గారు బుర్ర గోక్కున్నారు. "మరి అనుభవం...?"

"జీతమిచ్చేది నేను. అనుభవం మావాడిదే అవుతది."

చెయ్యి బాగాలేని పిల్లలకు పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇస్తారు గదా, ఇదీ అలాంటిదేనని హెడ్మాస్టరు గారు సమాధానపడ్డారు. కౌశిక్ కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. మార్తమ్మ అతని హద్దులో ఆకులు ఊడవసాగింది. ఊడుస్తూ ఊడుస్తూ మా కిటికీ దగ్గరికి వచ్చి తలెత్తింది. మొదటి బెంచీలో కూతురు కనపడింది.

"ఏమే, లోపల కూర్చున్నావా?" అంది, ఏదో తప్పు జరిగినట్టు గొంతు తగ్గించి.

"లోపలే అమ్మా," అంది కెజియా.

మార్తమ్మ చీపురు తీసుకుని మెల్లిగా పక్కకు జరిగింది. తన చప్పుడు కూతురికి అడ్డం రాకుండా ఆకుల్ని చేత్తో ఏరడం మొదలెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక పుస్తకం మూసేశాను.

"చదవండి సార్," అంది కెజియా. ఆమె చూపు పుస్తకం మీంచి కదల్లేదు.

చదివాను. పాఠం మెల్లిగా నడిచింది, ఎందుకంటే ప్రతి పేరాకీ వాళ్ల దగ్గర ఒక ప్రశ్న ఉంది. ఆ పిల్లని కిటికీ దగ్గర ఉండనిచ్చిన పంతులు మంచివాడా, కాదా అని పీరియడంతా వాదించుకున్నారు. మంచివాడేనని పాఠం కింద ప్రశ్నల్లో ఉంది. పాఠం చెబుతూ కిటికీ వైపుకి తిరిగేవాడు గనక కొంచెం మంచివాడని కెజియా తేల్చింది. నేను నల్లబల్ల మీద ఏదో రాస్తున్నట్టు గోడ వైపుకి తిరిగాను.

వారం ఆఖరి రోజుకి కథ ఆఖరి పేజీకి వచ్చింది. నేను గొంతు సవరించుకున్నానో లేదో, మైకు మోగింది. ముగింపు సభ. అందరూ రావాలి. లేచాం.

సభలో మళ్లీ ఒక ట్రాక్టరు ఆకులు పోయించి, ఫోటోల కోసం ఊడ్చే ప్రదర్శన పెట్టారు. వీరరాఘవయ్య గారి అబ్బాయి కౌశిక్ 'ఉత్తమ అనుభవశీలి' షీల్డు అందుకున్నాడు. "ఈ బాలుని ముఖమున సామాజిక న్యాయము తాండవించుచున్నది," అన్నారు భుజంగరావు గారు. ఆదర్శ పాఠశాలగా మా బడిని చూడటానికి సోమవారం ఉదయం రాజధాని నుంచి బృందం వస్తోందని కూడా ప్రకటించారు. ఫోటోలు అయిపోగానే చీపుళ్లు ఎక్కడివక్కడ పడేసి అందరూ ఇళ్లకు పోయారు. వరండా నిండా మోకాలి లోతు మామిడాకులు మిగిలాయి.

సోమవారం మొదటి పీరియడుకి తరగతి పూర్తిగా నిండి ఉంది. పేట ఆడపిల్లలు మొదటి బెంచీ వదల్లేదు. నేను ఆఖరి పేజీ తీశాను. గుమ్మంలో పిచ్చేశ్వరరావు గారు ప్రత్యక్షమయ్యారు. ముఖం చెమటలు కక్కుతోంది.

"కెజియా! ఏంటమ్మా ఇంకా ఇక్కడున్నారు? వరండా చూశారా? వాళ్లు వచ్చేస్తున్నారు!"

కెజియా లేచి నిలబడింది. "మాకు మినహాయింపు ఉంది సార్."

"అది వారోత్సవానికమ్మా."

"శాశ్వత అని మీరే చదివారు సార్. మైకులో."

కెజియా చేతులు బెంచీని గట్టిగా పట్టుకుని ఉండటం నాకు కనపడుతోంది. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. నేను పుస్తకం వైపు చూశాను. ఆయన ఫోను తీసి, భుజంగరావు గారికి చేసి, మినహాయింపు రద్దు చేయమని బతిమాలుకున్నారు. ఫోనులోంచి ఆ కంఠం తరగతి మొత్తానికి వినపడింది.

"అసంభవము! మినహాయింపు రద్దగుట యనగా వారికి అనుభవము లేదని అంగీకరించుట. అనుభవము లేనిచో ఇరువది మార్కులకు వారు అర్హులగుదురు. అప్పుడు నివేదిక మొత్తము మార్చవలె. నివేదిక ముద్రణకు వెళ్లినది."

హెడ్మాస్టరు గారు ఫోను జేబులో పెట్టుకుని, ఆశగా కౌశిక్ వైపు తిరిగారు. షీల్డు అతని బల్ల మీదే ఉంది.

"నాకూ అనుభవం వచ్చేసింది గద సార్," అన్నాడు కౌశిక్. "నాకిక అర్హత లేదు."

మిగతా తరగతి మొత్తం ఒక్క గొంతుతో అదే మాట అంది. వాళ్లందరికీ అనుభవం ఉంది. అందరికీ ఇరవైకి ఇరవై ఉంది. ఈ పాఠం లేని కింది తరగతులకు ఉత్తర్వు వర్తించదు. ఉత్తర్వు ప్రకారం చీపురు పట్టడానికి అర్హత ఉన్న విద్యార్థి మా బడిలో ఒక్కరూ మిగల్లేదు.

"మాస్టారూ..." అన్నారాయన దీనంగా.

"నాకు పీరియడు ఉంది సార్," అన్నాను.

మిగతా మాస్టర్లకూ ఉంది. మొదటి పీరియడులో పాఠం లేని మనిషి, ఊడ్చే అనుభవం ఏ కోశానా లేని మనిషి మా బడిలో ఒక్కరే. ఆ సంగతి ఆయనకూ తట్టినట్టుంది. వరండాలోకి వెళ్లిపోయారు. కాసేపటికి వరండాలో ఆకులు కదిలిన చప్పుడు వినపడింది. చీపురు వరసగా పడటం లేదు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మధ్యమధ్య తుమ్ములు.

నేను ఆఖరి పేజీ చదవడం మొదలెట్టాను. పిల్ల ఆ రోజు వరండా ఊడ్చి కిటికీ దగ్గరికి వస్తుంది. లోపల పంతులు పాఠం చెబుతుంటాడు. పిల్ల చీపురు గోడకు ఆనిస్తుంది. కెజియా ముందుకు వంగి వింటోంది.

బయట చీపురు చప్పుడు మా కిటికీ దగ్గర నెమ్మదించి ఆగిపోయింది. ఊచల అవతల పిచ్చేశ్వరరావు గారు తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నారు. తరవాతేమైందో వినాలని ఆయన ముఖంలో స్పష్టంగా ఉంది. నేను చదవడం ఆపేశాను.

కెజియా నా చూపు వెంట తల తిప్పి ఆయన్ని చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"కాస్త గట్టిగా చదవండి సార్," అంది. "అక్కడికి సరిగ్గా వినపడదు."